తలలో ప్రెషరుకి షుగర్ ఇంజెక్షను: డయామాక్స్ మానేయొచ్చా?

ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చెల్లెలికి 27 ఏళ్ళు, 80 కిలోల బరువు. ఆరు నెలలుగా తలపోటు. కిందికి వంగి లేస్తే రెండు మూడు క్షణాలు కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి, చెవిలో హోరు. విశాఖలో ఎమ్మారై తీసి, వెన్నులోంచి నీరు తీసి చూశారు. ప్రెషరు 32 వచ్చింది, కంటి నరాల దగ్గర వాపు ఉందన్నారు. ఐఐహెచ్ (బయటి కారణం తేలకుండా తలలో ప్రెషరు పెరిగే జబ్బు) అని పేరు చెప్పి డయామాక్స్ (ఎసిటజోలమైడ్) మాత్రలు రాశారు. ఆ మాత్రలకి చేతులు తిమ్మిర్లు. ఈలోగా ఫోనుకి ఒక వీడియో వచ్చింది, షుగర్ ఇంజెక్షనుతో తలలో ప్రెషరు తగ్గుతుందని. అమ్మాయికి షుగర్ లేదు. ఆ ఇంజెక్షను వేయించి మాత్రలు మానేయొచ్చా?

మానొద్దు. ముందు ఈ ఒక్క మాటా పట్టుకోండి, మిగతాది నింపాదిగా చదవండి. ఈ జబ్బు ప్రాణం తీయదు గానీ చూపు తీస్తుంది. పోయిన చూపు వెనక్కి రావడం చాలా అరుదు. కాబట్టి ఏ మందు కొత్తది, ఏది పాతది అన్నది తర్వాతి సంగతి. కంటి నరం వాపు ఈ నెలలో తగ్గిందా పెరిగిందా అన్నదాన్ని బట్టే ప్రతి నిర్ణయమూ జరగాలి.

వీడియోలో చెప్పింది మాత్రం గాలి కబురు కాదు. మెదడు లోపలి గదుల్లో కోరాయిడ్ ప్లెక్సస్ అనే చిన్న కుచ్చుల్లాంటి కణజాలం ఉంటుంది. మెదడు చుట్టూ తిరిగే నీటిలో ఎక్కువ భాగం తయారయ్యేది అక్కడే, పెద్దవాళ్ళలో రోజుకి దాదాపు అర లీటరు. ఒక సమయంలో తలలోనూ వెన్నులోనూ కలిపి ఉండేది 150 మిల్లీలీటర్లే, అంటే రోజుకి మూడుసార్లకి పైగా ఆ నీరు మారిపోతుంది. జీఎల్‌పీ-1 అనే హార్మోను అందుకునే గ్రాహకాలు ఆ కోరాయిడ్ ప్లెక్సస్ మీద కూడా ఉన్నాయని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. 2017లో అచ్చయిన వాళ్ళ పనిలో, ఎక్సెండిన్-4 ఇచ్చిన ఎలుకల్లో తలలోపలి ప్రెషరు తగ్గింది. ఆ కణాల్లో సోడియంని బయటికి నెట్టే పంపు నెమ్మదించడం, దాని వెంట నీరు ఊరడం తగ్గడం దీనికి కారణం. ఎక్సెండిన్-4కి మందుల షాపు పేరు ఎక్సెనటైడ్. గీలా మాన్‌స్టర్ అనే బల్లి లాలాజలంలో దొరికిన పదార్థం అది. 2005 నుంచి టైప్-2 షుగర్‌కి బయెట్టా అన్న పేరుతో వాడారు.

తర్వాత మనుషుల్లో చూశారు. అదే బర్మింగ్‌హామ్‌లోని అలెగ్జాండ్రా సింక్లెయిర్ బృందం చేసిన ఆ ప్రయోగం 2023లో బ్రెయిన్ పత్రికలో వచ్చింది. ఐఐహెచ్ ఉన్న స్త్రీల తలలోపల ప్రెషరుని ఎప్పటికప్పుడు పంపే చిన్న సెన్సరు అమర్చి కొలిచారు. మిగతా అధ్యయనాలకి లేని బలం అదే, వెన్నులో సూది గుచ్చి ఒక్కసారి చూసిన అంకె కాదు. మొదట 20 మైక్రోగ్రాములు, ఆపైన రోజుకి రెండుసార్లు 10 మైక్రోగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చారు. ఉత్తుత్తి ఇంజెక్షను వేసుకున్నవాళ్ళతో పోలిస్తే రెండున్నర గంటల్లోనే 5.7, 24 గంటలకి 6.4, 12 వారాలకి 5.6 సెంటీమీటర్ల (నీటి స్తంభం ఎత్తు) మేర ప్రెషరు తక్కువగా ఉంది. మందు వేసుకున్నవాళ్ళకి నెలలో తలనొప్పి రోజులు దాదాపు ఎనిమిది తగ్గాయి. ఈ ఫలితం బరువు తగ్గడం వల్ల వచ్చింది కాదు. రెండున్నర గంటల్లో ఎవరూ బరువు తగ్గరు కదా.

ఇంత బాగుంటే అందరికీ ఎందుకు రాయడం లేదంటే, లెక్కకి వచ్చినవాళ్ళు పదిహేను మందే. అంత చిన్న గుంపులో ప్రెషరు తగ్గిందని నమ్మకంగా చెప్పొచ్చు, చూపు నిలబడుతుందని చెప్పలేం. అసలు పరీక్ష చూపే. వారానికి ఒక్కసారి వేసుకునే ఎక్సెనటైడ్‌తో పెద్ద ప్రయోగం ఒకటి ఆస్ట్రేలియా కంపెనీ ఇన్వెక్స్ మొదలుపెట్టింది గానీ, రోగులు తగినంత వేగంగా చేరక 2023లో ఆపేసింది. మందు పనిచేయలేదని తేలి ఆపింది కాదు, తేలకుండానే ఆగిపోయింది. ఈ తేడా ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

మీ చెల్లెలి కాగితాల్లో ఉన్న 32 అన్న అంకె సంగతి. వెన్ను పరీక్షలో నీటి స్తంభం ఎత్తుని సెంటీమీటర్లలో రాస్తారు, పెద్దవాళ్ళలో 25 దాటితే ఎక్కువని లెక్క. కొన్నిచోట్ల పాదరసం మిల్లీమీటర్లలో రాస్తారు. 25 సెంటీమీటర్ల నీరంటే సుమారు 18 మిల్లీమీటర్ల పాదరసం. ఈ రెండూ కలగాపులగం చేస్తే ప్రెషరు పావు వంతు తగ్గిందన్న భ్రమ వస్తుంది. పక్కకి తిరిగి పడుకుని, కాళ్ళు కాస్త చాపి, బిగబట్టకుండా ఊపిరి తీసుకుంటున్నప్పుడు కొలవాలి. కూర్చోబెట్టి తీస్తే, లేదా అమ్మాయి నొప్పికి ఏడుస్తూ బిగుసుకుపోయి ఉంటే ఎక్కువ చూపిస్తుంది. చిన్న ఆస్పత్రుల్లో ప్రెషరు కొలిచే గొట్టం (మానోమీటరు) లేక ‘నీరు జోరుగా వచ్చింది’ అని రాసి ఊరుకుంటారు, ఆ మాట లెక్కకి రాదు. మీ కాగితంలో అంకె, కొలమానం, పడుకోబెట్టి తీశారా అన్నదీ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఆ డాక్టరు గారి చేత రాయించుకోండి.

అంతకన్నా ముఖ్యమైనది వీనోగ్రామ్, అంటే మెదడు సిరలు చూపే స్కాను. మెదడు నుంచి రక్తం వెనక్కి తెచ్చే పెద్ద సిరల్లో గడ్డ కట్టినా అచ్చం ఇవే లక్షణాలు వస్తాయి: తలపోటు, నరం వాపు, ఎక్కువ ప్రెషరు. దానికి వైద్యం రక్తం పలచబరిచే మందు, ఈ ఇంజెక్షను కాదు. మామూలు ఎమ్మారైలో అది తప్పిపోవచ్చు. రిపోర్టులో ఎమ్మార్ వీనోగ్రామ్ అనో సీటీ వీనోగ్రామ్ అనో లేకపోతే ‘సిరలు చూశారా’ అని నేరుగా అడగండి. మన సరిహద్దు జిల్లాల్లో దీన్ని గట్టిగా అడగాల్సిన కారణం ఇంకొకటి ఉంది. రాయగడ, కొరాపుట్, నవరంగపూర్, గజపతి ప్రాంతాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. సికిల్ సెల్, కాన్పు తర్వాతి వారాలు, గర్భనిరోధక మాత్రలు, తీవ్రమైన రక్తహీనత, వీటిలో ఏది ఉన్నా సిరలో గడ్డ అనుమానం పెరుగుతుంది. పైగా సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి డయామాక్స్ ఇచ్చేముందు డాక్టరు ఆలోచించాలి. ఆ మందు రక్తంలో ఆమ్లం పెంచుతుంది, ఆమ్లం పెరిగితే ఎర్ర కణాలు కొడవలి వంపు తిరగడానికి దారి సుగమం అవుతుంది. సికిల్ సెల్ పరీక్ష, హిమోగ్లోబిన్ చేయించకపోతే చేయించండి. రక్తహీనత ఒక్కటే కూడా ఈ ప్రెషరు పెంచగలదు, ఐరన్‌తో తగ్గినవాళ్ళూ ఉన్నారు.

జ్వరం, మెడ పట్టేయడం, మూర్ఛ, మగతగా ఉండడం ఉంటే అది ఐఐహెచ్ కాదని అనుకుని మళ్ళీ మొదటి నుంచి చూడాలి. మన వైపు క్షయ మెనింజైటిస్, మెదడుకి ఎక్కిన మలేరియా, మెదడులో బద్దెపురుగు తిత్తులు, ఇవన్నీ జాబితాలో ఉండేవే. రెండు కళ్ళలోనూ నరం వాపు కనబడితే బీపీ తప్పకుండా చూడాలి, ఎంత చిన్న వయసైనా సరే. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ గానీ, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ లాంటివి గానీ వాడిందా? విటమిన్-ఎ మోతాదు మించి వాడిందా? స్టెరాయిడ్ మాత్రలు వాడి ఒక్కసారిగా మానేసిందా? ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండడం కొత్త విషయమేమీ కాదు కాబట్టి, ఖాళీ స్ట్రిప్పులు దొరికితే పట్టుకెళ్ళండి.

ఇక డయామాక్స్. చేతివేళ్ళు, కాలివేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిర్లు చాలామందికి వస్తాయి. గోలీసోడా, కూల్‌డ్రింకు నోట్లో పెట్టుకుంటే చప్పగా లోహం రుచి వస్తుంది. ఇవి ప్రమాదం కాదు. మందు మానడానికి ఎక్కువమంది చెప్పే కారణం ఇదే, దాన్ని కారణంగా లెక్కించకండి. దీని గురించి గట్టి ప్రయోగం 2014లో అమెరికాలో వచ్చింది. 165 మందిలో, ఉప్పు తగ్గించి బరువు తగ్గించే ఆహారంతో పాటు డయామాక్స్ వేసుకున్నవాళ్ళకి ఆరు నెలల్లో, అదే ఆహారంతో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకన్నా చూపు పరిధి ఎక్కువ మెరుగైంది. అక్కడ రోజుకి 4 గ్రాముల దాకా పెంచారు. మన దగ్గర దొరికేది 250 మిల్లీగ్రాముల మాత్ర, అంటే అంత మోతాదుకి పదహారు మాత్రలు. అంతదాకా చాలామంది ఓర్చుకోలేరు, మామూలుగా 1 నుంచి 2 గ్రాముల మధ్య ఆగుతారు. ఉదయం ఒకటి రాత్రి ఒకటి అని మొదలుపెట్టి వారం వారం పెంచుతారు. ‘రెండు మాత్రలు మూడు నెలలు వేశాం, పనిచేయలేదు’ అని వచ్చేవాళ్ళలో చాలామంది మోతాదు పెంచనే లేదు. అది మందు ఓడిపోవడం కాదు.

నిజంగా కనిపెట్టుకుని ఉండాల్సినవి వేరే. కిడ్నీలో రాళ్ళు ఒకటి, ముఖ్యంగా ఏప్రిల్, మే ఎండల్లో నీళ్ళు తక్కువ తాగి పొలంలోనో పొయ్యి దగ్గరో చెమట కార్చేవాళ్ళకి. మూత్రం నీళ్ళలా లేతగా ఉండేటంత తాగాలి. రక్తంలో పొటాషియం, బైకార్బొనేట్, క్రియాటినిన్ మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఒకసారి, మోతాదు పెంచినప్పుడల్లా ఒకసారి చూడాలి. ఒళ్ళంతా నీరసం, ఊపిరి వేగం పెరిగితే ఆగకుండా వెళ్ళాలి. సల్ఫా మందుకి ఒంటిమీద పొక్కులు లేచిన చరిత్ర ఉంటే డాక్టరుకి చెప్పాలి. గర్భం వచ్చినా, వచ్చే ఆలోచన ఉన్నా చెప్పాలి. దీనికి బదులు టోపిరమేట్ ఇస్తే ఆ విషయంలో ఇంకా జాగ్రత్త, అది కడుపులో బిడ్డకి హాని చేస్తుందని తేలిన మందు.

ఇప్పుడు మీరు అడిగిన ఇంజెక్షను. ప్రయోగంలో వాడిన రోజుకి రెండుసార్ల ఎక్సెనటైడ్ ఇప్పుడు దొరకడమే కష్టం. అమెరికాలో దాన్ని ఆస్ట్రాజెనెకా 2024లో ఆపేసింది. మీకు షాపులో చూపించేవి దాని చుట్టాలు: లిరాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్. మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఇవన్నీ జీఎల్‌పీ-1 గ్రాహకం మీద పనిచేసేవే, కాబట్టి ప్రెషరు మీదా పనిచేయొచ్చన్న ఆశ సహజం. కానీ తలలో సెన్సరు పెట్టి నిరూపించింది ఎక్సెనటైడ్‌కే. మిగతావాటికి ఉన్నవి ఎక్కువగా పాత ఆస్పత్రి రికార్డులు తిరగేసిన పనులు. అవి బాగానే ఉన్నాయంటున్నా, ఏ కారణం వల్ల బాగుపడ్డారో వాటినుంచి తేల్చలేం.

నా ఉద్దేశంలో మీ చెల్లెలికి ఇవి పనికొచ్చే దారి ప్రెషరు కాదు, బరువు. ఐఐహెచ్‌కి బరువు తగ్గడం అన్నది పక్కవాద్యం కాదు, అసలు వైద్యమే. నూటికి 15 వంతుల బరువు తగ్గితే జబ్బు అణుగుతుందని చాలాకాలంగా చెబుతున్నారు. ప్రెషరు మామూలు స్థాయికి రావడానికి నూటికి 24 వంతుల దాకా కావాలని తర్వాతి లెక్కలు చెప్పాయి. 80 కిలోల మనిషికి అవి 12 కిలోలు, 19 కిలోలు. బ్రిటన్‌లో 66 మంది స్త్రీలతో చేసి 2021లో అచ్చువేసిన ప్రయోగంలో, బరువు తగ్గించే క్లబ్బులో చేర్చినవాళ్ళకన్నా పొట్ట ఆపరేషను చేయించుకున్నవాళ్ళకి ప్రెషరు బాగా తగ్గింది. అంత బరువు ఆపరేషను లేకుండా తగ్గించగల మందులు మొన్నమొన్నటి దాకా లేవు, ఇప్పుడు వచ్చాయి. అందుకని న్యూరాలజిస్టుతో ‘ప్రెషరుకి ఇంజెక్షను రాయండి’ అనకుండా, ‘బరువుకి ఈ ఇంజెక్షను డయామాక్స్‌తో పాటు వాడొచ్చా’ అని అడగండి. మొదటి ప్రశ్నకి కాదంటారు, రెండోదానికి కూర్చుని లెక్క చూస్తారు.

ఒక సంగతి వీడియోల్లో బొత్తిగా ఉండదు. సెమాగ్లూటైడ్ వాడేవాళ్ళలో బహు అరుదుగా కంటి నరానికి రక్తం ఆగి ఒక కన్ను చూపు హఠాత్తుగా పడిపోవచ్చని ఐరోపా మందుల సంస్థ 2025లో తేల్చి, మందు కాగితంలో చేర్చమంది. పదివేల మందిలో ఒకరి దాకా అని అంచనా. అరుదే, కానీ మీ చెల్లెలి కంటి నరం ఇప్పటికే వాచి ఉంది. పొద్దున్న లేచేసరికి ఒక కంటికి మసక ఉంటే, అది జబ్బు ముదిరిందా మందు వల్లా అని ఇంట్లో కూర్చుని తేల్చలేరు. రెండింటికీ ఒకే పని: అదే రోజు కంటి ఆస్పత్రి.

వాడాల్సి వస్తే తెలియాల్సినవి. మొదటి వారాల్లో వికారం, వాంతులు ఎక్కువ. వాంతులతో డయామాక్స్ బయటికి పోతుంది, ఒంట్లో నీరు తగ్గి రాళ్ళకీ కిడ్నీకీ దెబ్బ. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెలకో మెట్టు ఎక్కిస్తారు. వాంతులు ఆగకపోతే మెట్టు దిగాలే తప్ప ఓర్చుకోకూడదు. పొట్ట పైభాగంలో నొప్పి వీపులోకి దూసుకుపోతూ ఉంటే పాంక్రియాస్ వాపు కావచ్చు, ఇంజెక్షను ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి. పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది కాబట్టి, ఏ ఆపరేషనుకైనా మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టాక నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు గర్భనిరోధక మాత్ర ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. బిడ్డ కావాలనుకుంటే సెమాగ్లూటైడ్ రెండు నెలల ముందే ఆపాలి.

పెన్ను నిలవ మన ఎండలకి పెద్ద సమస్య. తెరవని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో, డీప్‌ఫ్రీజర్‌కి తగలకుండా ఉండాలి. గడ్డకడితే పారేయాల్సిందే, కరిగాక వాడకూడదు. బయట పెట్టుకోవాలంటే మౌంజారోకి వేడి 30 డిగ్రీలు మించకూడదు, అదీ కొద్ది వారాలే. మే నెలలో రాయగడ ఇంట్లో గది వేడి 30 దగ్గర ఆగదు. విశాఖలో కొని రైల్లో తెచ్చేటప్పుడు, ఐసు ప్యాకుకీ పెన్నుకీ మధ్య గుడ్డ చుట్టి పెట్టండి. తిన్నగా ఐసు తగిలితే ఒక కొస గడ్డకడుతుంది, పైకి చూస్తే తెలియదు.

‘షుగర్ లేనివాళ్ళకి షుగర్ పడిపోదా’ అని అందరూ అడుగుతారు. ఈ తరగతి ఇంజెక్షన్లు రక్తంలో చక్కెర ఎక్కువ ఉన్నప్పుడే ఇన్సులిన్‌ని ఎగదోస్తాయి, కాబట్టి ఒంటరిగా వాడితే పడిపోవడం అరుదు. అసలు భయం ఇంకొకటి. ఇంజెక్షను ఖరీదు చూసి, ‘షుగర్ మందే కదా’ అని ఇంట్లో నాన్నగారి గ్లిమిపిరైడ్ మాత్ర ఇచ్చేవాళ్ళు ఉంటారు. షుగర్ లేని మనిషికి అది చెమటలు పట్టించి స్పృహ తప్పిస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. తలలో ప్రెషరుకి దానితో ఏ లాభమూ లేదు. మెట్‌ఫార్మిన్ అంత ప్రమాదం కాదు గానీ, ఆ ప్రయోగంతో దానికి సంబంధం లేదు. గ్లైబెన్‌క్లమైడ్ మెదడు వాపుకి పనిచేస్తుందని చదివానని ఎవరైనా అంటే, అది పెద్ద పక్షవాతంలో నరం ద్వారా ఎక్కించి చూసిన వేరే కథ. ఆ పెద్ద ప్రయోగంలో రోగులు కోలుకోవడంలో మేలు కనబడలేదు.

తిండి విషయంలో బియ్యం గురించి అందరూ చెబుతారు కాబట్టి ఉప్పు గురించి చెబుతాను. 2014 ప్రయోగంలో ఉప్పు తగ్గించడం కూడా వైద్యంలో భాగమే. మన ఇళ్ళలో ఉప్పు కూరలో కన్నా పక్కనే ఎక్కువ ఉంటుంది: ఎండుచేప, ఆవకాయ, అప్పడం, పఖాళలో (చద్దన్నంలో) చల్లుకునే చిటికెడు. చోడి అంబలి మంచిదే, ఉప్పు లేకుండా పలచటి మజ్జిగతో తాగితే. తలనొప్పికి శారిడాన్ లాంటి కలగలుపు మాత్రలు నెలలో పది రోజులు, ఉత్త పారాసెటమాల్ పదిహేను రోజులు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. ప్రెషరు తగ్గినా నొప్పి తగ్గలేదనేవాళ్ళలో దీన్ని ముందు వెతకాలి.

కంటి తనిఖీలో రెండు పరీక్షలు తప్పనిసరి. కంటిపాప పెద్దది చేసి నరాన్ని చూడడం, వీలైతే ఫొటో, ఓసీటీ (నరం వాపు కొలిచే కంటి స్కాను). రెండోది ఫీల్డ్ టెస్టు, చూపు పక్కలకి ఎంతవరకు ఉందో కొలిచేది. గోడ మీది అక్షరాలు చివరి వరుస దాకా చదివినంత మాత్రాన నిశ్చింత లేదు, ఈ జబ్బులో ముందు పక్కచూపు తింటుంది, నడిమి చూపు చివర పోతుంది. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు వారం రెండు వారాలకోసారి, తగ్గుముఖం పట్టాక డాక్టరు చెప్పిన గడువుకి ఈ పరీక్షలు జరగాలి. రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా విశాఖ రైలు ఉంది కాబట్టి అక్కడి ప్రాంతీయ కంటి ఆస్పత్రి, ఎల్వీ ప్రసాద్ శాఖ, కేజీహెచ్ న్యూరాలజీ మీకు అందుబాటే. బరంపురం వైపు ఉన్నవాళ్ళకి ఎంకేసీజీ, కొరాపుట్ వైపు ఎస్ఎల్ఎన్ మెడికల్ కాలేజీ. ఫీల్డ్ టెస్టు ఎప్పుడూ ఒకే చోట, ఒకే రకం యంత్రం మీద చేయించుకుంటేనే పోల్చడానికి పనికొస్తుంది. పాత ప్రింటు పారేయకండి. ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రిలో చేరి చేయించుకునేవాటికి, బయట రాసే ఇంజెక్షన్లకి కాదు. అది మీ జేబులోంచే అని లెక్క వేసుకోండి.

చూపు రోజుల్లో పడిపోతుంటే, ఒక వస్తువు రెండుగా కనబడడం కొత్తగా మొదలైతే, కళ్ళు చీకట్లు కమ్మడం పూటకి చాలాసార్లు వస్తుంటే, అప్పుడు మాత్ర పెంచడం, ఇంజెక్షను ఆలోచించడం ఏదీ కాదు. కంటి నరం తొడుగుకి కిటికీ పెట్టే ఆపరేషను గానీ, నీరు మళ్ళించే షంటు గానీ గంటల మీద నిర్ణయించాల్సిన పరిస్థితి అది. ఆ రోజు బయల్దేరేటప్పుడు ఎమ్మారై సీడీ, వెన్ను పరీక్ష కాగితం, ఫీల్డ్ టెస్టు ప్రింట్లు, వాడే మందుల స్ట్రిప్పులు ఒకే సంచీలో వేసుకోండి. అమ్మాయిని రాత్రి నుంచి ఏమీ తిననివ్వకుండా కాదు, ఎప్పుడు ఏం తిన్నదో రాసుకుని తీసుకెళ్ళండి. ఇంజెక్షను వాడుతుంటే చివరిది ఏ రోజు వేసుకుందో ఆ కాగితం మీదే పైన రాయండి.